రోజుకో మిల్లీమీటరు

డాక్టరు చూపుడువేలితో కుర్రాడి ముంజేతి మీద మెల్లగా తడుతూ వస్తున్నారు. మణికట్టు దగ్గర మొదలుపెట్టి మోచేతి వైపు, కొంచెం కొంచెంగా. ఒకచోటికి వచ్చేసరికి కుర్రాడు ఉలిక్కిపడ్డాడు.

"ఏమైంది బాబూ?"

"జివ్వుమంది సార్. చిటికెన వేలి దాకా పాకింది."

ఆ చిటికెన వేలికి స్పర్శే లేదు. గిల్లినా తెలియదు. అయినా తట్టింది ముంజేతి మీద, జివ్వుమన్నది ఆ మొద్దుబారిన వేలిలో. డాక్టరు అక్కడ పెన్నుతో ఒక గీత పెడతారు. మోచేతి నుంచి ఎన్ని సెంటీమీటర్లో టేపుతో కొలిచి కాగితం మీద రాసుకుంటారు. వచ్చే నెల మళ్ళీ తడతారు. అప్పటికి ఆ జివ్వుమనే చోటు రెండు మూడు సెంటీమీటర్లు కిందికి జరిగి ఉంటే, లోపల తెగిన నాడి పెరుగుతోందని లెక్క. నెలలు గడిచినా అక్కడే నిలిచిపోతే మళ్ళీ కత్తి పట్టాల్సి రావచ్చు.

నాడులకు చికిత్స చేసే ఏ ఆసుపత్రిలోనైనా కనిపించే దృశ్యం ఇది. ఈ పరీక్షకు వయసు నూరేళ్ళు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తూటాలకు చేతులు పడిపోయిన సైనికులను చూస్తూ ఫ్రాన్సులో జూల్ టినెల్, జర్మనీలో పాల్ హాఫ్‌మన్ 1915లో విడివిడిగా దీన్ని రాశారు. కందకాలకు అటు ఒకరు, ఇటు ఒకరు. ఇద్దరి వేళ్ళకూ తెలిసింది ఒకటే: తెగిన నాడి కొస చర్మం కింద పాకుతూ వస్తోంది, సుమారు రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున.

గోరు నెలకు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. వెంట్రుక ఒక సెంటీమీటరు. నాడి రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్లు. వాటితో పోలిస్తే ఇది పరుగే. కానీ మోచేతి దగ్గర తెగిన నాడి అరచేతిలోని చిన్న కండరాలను చేరాలంటే దాదాపు ఏడాది కావాలి. మెడ దగ్గర దెబ్బతింటే రెండేళ్ళు. చిక్కంతా ఇక్కడే ఉంది. నాడి వస్తోంది కదా అని కండ కూర్చుని ఎదురుచూడదు. ఏడాది, ఏడాదిన్నర ఆజ్ఞ అందకపోతే అది కరిగిపోతుంది, దానిలో నాడి వచ్చి అతుక్కోవలసిన చోట్లు మూసుకుపోతాయి. ఆ తర్వాత నాడి చేరినా తలుపు తీసేవాళ్ళుండరు.

ఈ పందెంలో నాడిని గెలిపించడానికి శాస్త్రవేత్తలు ఎక్కువగా నమ్ముకున్నవి వృద్ధి కారకాలు. వైద్యుల వాడుకలో గ్రోత్ ఫ్యాక్టర్లు. శరీరమే తయారుచేసుకునే ప్రోటీన్లు ఇవి. నాడిని బతికించేవి, పెంచేవి, ఇటు రమ్మని పిలిచేవి. పిలిచేవి అన్న మాటను నేను అలంకారంగా వాడటం లేదు. వీటి చరిత్ర చదివిన కొద్దీ ఇంతకంటే నిజమైన మాట దొరకలేదు నాకు. వీటిని బలం మందుల్లా వాడబోయినప్పుడల్లా వైద్యం దెబ్బతిన్నది. పిలుపుగా అర్థం చేసుకున్నప్పుడు మాత్రం నాలుగు అడుగులు ముందుకు పడ్డాయి.

నరం అంటే ఏది?

తెలుగులో నరం అన్న మాట చాలా బరువు మోస్తుంది. ఇంజక్షన్ చేసేది 'నరానికే'. అది రక్తనాళం. మెడ పట్టేస్తే 'నరం పట్టేసింది' అంటాం. అది చాలాసార్లు కండరం. మణికట్టు తెగినప్పుడు 'నరాలు తెగిపోయాయి' అంటే అందులో రక్తనాళాలు, వేళ్ళను లాగే కండర తాళ్ళు, నాడులు అన్నీ కలిసి ఉంటాయి. నీరసమొస్తే 'నరాల బలహీనత'. ఈ కలగాపులగం వల్ల ప్రాణాలు పోవు కానీ చేతులు పోతాయి. ఎందుకంటే రక్తం ఆగి, చర్మానికి కుట్లు పడగానే 'నరం అతికించేశారు' అనుకుని ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. వేలు మొద్దుబారి ఉంటే అదే తగ్గుతుందిలే అని 'నరాల బిళ్ళలు' మింగుతూ నెలలు గడుపుతారు. ఆ బిళ్ళల్లో ఉండేది ఎక్కువగా బి12 విటమిన్. అది లోపించినవాళ్ళకు నిజంగా అవసరమే. రెండు ముక్కలైన నాడిని మాత్రం ఏ బిళ్ళా కలపలేదు.

ఈ కథనంలో నాడి అంటే మెదడుకు, వెన్నుపాముకు బయట కాళ్ళూచేతుల్లోకి పోయే తీగ. తీగ అనడం కంటే తీగల మోపు అనడం సబబు. వేలకొద్దీ సన్నని పోగులు కట్టలు కట్టలుగా ఉంటాయి. ఒక్కో పోగూ ఒక్కో కణం చాచిన చెయ్యి. కణం ఉండేది వెన్నుపాములోనో, దాని పక్కనే ఉండే చిన్న ముడుల్లోనో. దాని చెయ్యి మాత్రం కాలి బొటనవేలి దాకా, మీటరు పొడవున సాగి ఉంటుంది. గాజుపెంకు తగిలి మణికట్టు దగ్గర అలాంటి చెయ్యి ఒకటి తెగిందనుకోండి. కణం చావదు. తెగిన చోటి నుంచి కింది భాగం మాత్రం చస్తుంది.

ఎలా చస్తుందో మొదట చూసినవాడు లండన్‌లో వైద్యం చేసుకునే అగస్టస్ వాలర్. కప్ప నాలుక పలచగా ఉంటుంది, సూక్ష్మదర్శిని కింద పెడితే లోపలి నాడి పోగులు కనిపిస్తాయి. 1850లో ఆయన కప్ప నాలుకకు వెళ్ళే నాడిని కోసి రోజుల తరబడి చూస్తూ కూర్చున్నాడు. కోతకు అవతలి పోగులు విరిగిన పాలలా ముక్కలు ముక్కలైపోయాయి. ఇవతలివి నిలిచాయి. ఇప్పటికీ ఆ ప్రక్రియకు వాలర్ పేరే.

చూడటానికి విధ్వంసంలా ఉన్నా అది పొలం దున్నడం లాంటిది. నాడి పోగుల చుట్టూ ష్వాన్ కణాలని ఉంటాయి. మామూలు రోజుల్లో వాటి పని పోగుకు కొవ్వు పొర చుట్టడం, కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులా. పోగు చచ్చిపోగానే ఇవి పాత పని వదిలేసి వేషం మారుస్తాయి. శిథిలాలను ఊడుస్తాయి, ఊడవడానికి రక్తం నుంచి వేరే కణాలను రప్పిస్తాయి, తర్వాత ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి నాగటి చాళ్ళలా నిలబడతాయి. పై నుంచి మొలకెత్తి వచ్చే కొత్త పోగుకు అవే దారి. దారి చూపడంతో ఊరుకోవు, గ్రోత్ ఫ్యాక్టర్లను చిమ్ముతూ పిలుస్తాయి. మెదడులో, వెన్నుపాములో ఈ సౌకర్యం లేదు. వెన్నుపాము తెగితే తిరిగి పెరగకపోవడానికీ, చేతి నాడి పెరగడానికీ ఉన్న పెద్ద తేడాల్లో ఇదొకటి.

పెరిగే పోగు కొసన చిన్న అరచేయి లాంటి ఉబ్బు ఉంటుందని, అది తడుముకుంటూ దారి వెతుక్కుంటుందని స్పెయిన్ శాస్త్రవేత్త సాంతియాగో రామోన్ ఇ కాహాల్ 1890లోనే చెప్పాడు. ఏవో రసాయనాలు దాన్ని ఆకర్షిస్తూ ఉండాలి అన్నాడు. ఆ రసాయనం ఏదో చూపించడానికి ఆయన దగ్గర సాధనం లేదు. దానికి ఇంకో అరవై ఏళ్ళు, ఒక యుద్ధం, బోలెడు కోడిగుడ్లు కావలసి వచ్చాయి.

పడకగదిలో ప్రయోగశాల

రీటా లెవీ-మోంటాల్చినీ 1909లో ఇటలీలోని టురిన్‌లో పుట్టింది. కవలల్లో ఒకరు. తోబుట్టువు పావొలా చిత్రకారిణి. ఆడపిల్లకు పెద్ద చదువెందుకన్న తండ్రిని ఒప్పించి వైద్యం చదివింది. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం జాతి చట్టాలు తెచ్చింది. యూదులకు విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలు లేవు. రీటా ఉద్యోగం పోయింది. ఆమె గురువు జుసెప్పే లెవీ ఉద్యోగం కూడా.

ఆమె ఇంట్లో తన పడకగదినే ప్రయోగశాల చేసుకుంది. ఒక సూక్ష్మదర్శిని, గుడ్లు పొదిగించే పెట్టె, గడియారాలు బాగుచేసేవాళ్ళ పట్టకారు, కంటి డాక్టర్ల బుల్లి కత్తెర. కత్తులకు బదులు కుట్టుపని సూదులనే నూరి పదును పెట్టుకుంది. కొన్నాళ్ళకు గురువే వచ్చి ఆ గదిలో శిష్యురాలికి సహాయకుడయ్యాడు. 1942లో టురిన్ మీద బాంబులు పడుతుంటే కుటుంబం కొండల్లోని పల్లెకు మారింది. అక్కడ సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి పుంజు తొక్కిన గుడ్లే కావాలని అడిగేది. ఎందుకమ్మా అంటే పిల్లలకు బలమని చెప్పేది. ప్రయోగం అయిపోయాక మిగిలినవి ఇంట్లో వంటకు పోయేవి.

ఇంతకీ ఆమె వెతుకుతున్నదేమిటి? కోడిపిండంలో మొలుస్తున్న రెక్కనో కాలినో తీసేస్తే, దానికి వెళ్ళాల్సిన నాడీకణాలు తగ్గిపోతాయి. అమెరికాలో ఉన్న విక్టర్ హాంబర్గర్ 1934లోనే ఇది రాశాడు. అవయవం లేకపోతే ఆ కణాలు తయారే కావని ఆయన ఊహ. రీటా రోజు రోజూ పిండాలను కోసి చూసి వేరే మాట చెప్పింది. కణాలు పుడుతున్నాయి, చెయ్యి చాస్తున్నాయి, అక్కడ పట్టుకునేది ఏమీ దొరక్క చచ్చిపోతున్నాయి. అవయవం నుంచి వాటికి ఏదో అందాలి. అందితేనే బతుకు.

ఇటలీలో యూదుల పేర్లతో వ్యాసాలు వేసే పత్రికలు లేవు. బెల్జియం పత్రికలో అచ్చయింది. 1943లో జర్మన్లు ఇటలీని ఆక్రమించాక ఫ్లోరెన్స్‌లో మారుపేరుతో తలదాచుకుంది. యుద్ధం అయ్యాక ఆ బెల్జియం వ్యాసం హాంబర్గర్ కంట పడింది. తన ఊహ తప్పంటున్న మనిషిని ఆయన సెయింట్ లూయిస్‌కు ఆహ్వానించాడు. ఆయనా నాజీలు ఉద్యోగం ఊడగొట్టిన యూదుడే. 1947లో ఒక్క సెమిస్టరు కోసమని వెళ్ళిన రీటా అక్కడ మూడు దశాబ్దాలు పనిచేసింది.

ఎలుకల్లో పెరిగే ఒక రకం కణితిని కోడిపిండానికి అతికిస్తే నాడి పోగులు దానిలోకి వెర్రిగా ఎగబడి పెరగడం అక్కడ ఆమె గమనించింది. కణితి ఏదో స్రవిస్తోంది. అది నిరూపించాలంటే గాజుపలక మీద పెంచి చూడాలి. ఆ నేర్పున్న స్నేహితురాలు హెర్తా మేయర్ బ్రెజిల్‌లో ఉంది. 1952లో కణితులున్న రెండు ఎలుకలను వెంట పెట్టుకుని రీటా విమానంలో రియో డి జనీరో వెళ్ళింది. కణితి ముక్క పక్కన నాడీముడిని పెడితే, ఒక్క రోజులోనే దాని చుట్టూ పోగులు కిరణాల్లా విచ్చుకున్నాయి. చందమామ గుడి కట్టినట్టు. ఆ బొమ్మలను చేత్తో గీసి హాంబర్గర్‌కు ఉత్తరాల్లో పంపింది.

ఆ పదార్థాన్ని పట్టుకునే పని రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ తలకెత్తుకున్నాడు. అది ప్రోటీనా, కేంద్రకామ్లమా తేల్చుకోవడానికి పాము విషం కలిపి చూద్దామన్నారు. విషంలో కేంద్రకామ్లాన్ని ముక్కలు చేసే ఎంజైము ఉంటుంది కాబట్టి. విషం కలిపితే పోగులు ఆగిపోలేదు సరికదా, మరింత గుబురుగా పెరిగాయి. కణితిలో కంటే వెయ్యి రెట్లకు పైగా శక్తితో ఆ పదార్థం విషంలోనే ఉంది! పాములో విషగ్రంథి ఉన్న చోట మిగతా జంతువుల్లో లాలాజల గ్రంథి ఉంటుంది కదా అని మగ ఎలుక లాలాజల గ్రంథి చూశారు. అందులో నిధే దొరికింది. మన నాగుపాము విషంలోనూ ఈ ప్రోటీన్ ఉంది, 1970లలో దాన్ని వేరుచేసి అమైనో ఆమ్లాల వరుస కొంతమేర చదివారు కూడా. కాటు వేసి నాడులను స్తంభింపజేసే విషంలోనే నాడిని పెంచే పదార్థం. దీన్ని మొదట చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను.

దానికి పెట్టిన పేరు నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, పొట్టిగా ఎన్‌జీఎఫ్. దాన్ని అడ్డుకునే ప్రతిరక్షకాలను పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కిస్తే, వాటిలో సింపథెటిక్ నాడీముడులు, అంటే మన ప్రమేయం లేకుండా పనిచేసే నాడుల ముడులు, దాదాపు మాయమైపోయాయి. అది లేకపోతే ఆ కణాలకు బతుకు లేదని దానితో తేలిపోయింది. 1971లో దాని నిర్మాణ వరుస తెలిసింది: 118 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు జతకట్టి ఉంటాయి. 1986లో రీటాకు, కోహెన్‌కు నోబెల్ వచ్చింది. హాంబర్గర్‌కు రాలేదు. ఆ ప్రశ్న లేవనెత్తినవాడు, తనను తప్పుపట్టిన మనిషికి తన ప్రయోగశాల తలుపు తెరిచినవాడు ఆయన. ఆ పేరు కూడా ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం. రీటా 2012 డిసెంబరులో, 103 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

ఎన్‌జీఎఫ్‌కు తర్వాత తోబుట్టువులు దొరికాయి. పంది మెదడు నుంచి 1982లో బీడీఎన్ఎఫ్, 1993లో జీడీఎన్ఎఫ్, ఇంకా కొన్ని. ఏది ఎవరిని పిలుస్తుందో కూడా తెలిసింది. ఎన్‌జీఎఫ్ పిలుపు నొప్పి, వేడి తెలిపే సన్నని పోగులకూ, సింపథెటిక్ నాడులకూ వినిపిస్తుంది. కండను కదిలించే నాడులు బీడీఎన్ఎఫ్‌కు, జీడీఎన్ఎఫ్‌కు పలుకుతాయి. పోగు కొస ఆ ప్రోటీన్‌ను అందుకుని ఊరుకోదు. తనలోకి తీసుకుని, వెనక్కి, మీటరు దూరంలో ఉన్న తల్లికణం దాకా మోసుకెళ్తుంది. వేలి చివరి నుంచి వెన్నుకు చేరే ఆ కబురు సారాంశం ఒకటే: ఇక్కడ చోటుంది, బతుకు.

మందు సీసాలోకి దిగాక

ఇంత తెలిశాక ఎవరికైనా తట్టే ఆలోచన, దీన్ని సూదిమందుగా ఇస్తే సరిపోతుంది కదా అని. 1990లలో అమెరికాలో మధుమేహం వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళకు అలాగే ఇచ్చి చూశారు. తొలి ప్రయోగాలు ఆశ రేపాయి. పెద్ద ప్రయోగంలో 1,019 మందికి 48 వారాల పాటు, వారానికి మూడుసార్లు సూది వేశారు. 2000లో ఫలితం అచ్చయింది. మందు ఇచ్చినవాళ్ళకూ, ఉత్త సూది వేసినవాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా సూది వేసిన చోట నొప్పి. అది మోతాదు పెంచనివ్వలేదు.

నొప్పి ఎందుకొచ్చిందో ఆలోచిస్తే లోతైన సంగతి బయటపడుతుంది. ఎన్‌జీఎఫ్ నొప్పి నాడులను బతికించేదే కాదు, వాటిని చురుగ్గా ఉంచేది కూడా. వాపు వచ్చినచోట అది పెరుగుతుంది, అందుకే అక్కడ ముట్టుకుంటే విలవిల్లాడతాం. దాన్ని అందుకునే గ్రాహక జన్యువు దెబ్బతిన్న పిల్లలు అరుదుగా పుడుతుంటారు. వాళ్ళకు నొప్పి తెలియదు, చెమట పట్టదు. నాలుక కొరికేసుకుంటారు, ఎముక విరిగినా నడిచేస్తారు. ఇది చూసి ఔషధ కంపెనీలు దారి తిప్పి, ఎన్‌జీఎఫ్‌ను అడ్డుకునే మందుతో మోకాళ్ళ నొప్పులు తగ్గించబోయాయి. నొప్పి తగ్గింది. కొందరిలో కీళ్ళు వేగంగా అరిగిపోయాయి. 2021లో అమెరికా నిపుణుల సంఘం ఆ మందుకు ఒప్పుకోలేదు.

తెగిన నాడి విషయంలో పొరపాటు ఇంకో రకంగా జరిగింది. ష్వాన్ కణాలు జీడీఎన్ఎఫ్‌ను ఎల్లకాలం చిమ్మవు. ఎలుకల్లో చూస్తే నాడి తెగిన మొదటి వారంలో ఉప్పొంగుతుంది, నెలలు గడిచేకొద్దీ ఇంకిపోతూ ఆరు నెలలకు దాదాపు అడుగంటుతుంది. మనిషి చేతిలో నాడి దారి మధ్యలో ఉండగానే ముందున్న ష్వాన్ కణాలు అలసిపోతాయి, పిలిచే గొంతు పూడుకుపోతుంది. అయితే మనమే అందిద్దాం అని, ఎప్పటికీ జీడీఎన్ఎఫ్ తయారుచేస్తూ ఉండేలా జన్యువును నాడిలోకి ఎక్కించారు. పోగులు ఉత్సాహంగా వచ్చాయి. వచ్చి, ఆ ప్రోటీన్ దండిగా ఉన్నచోట చుట్టలు చుట్టలుగా ముడిపడి ఆగిపోయాయి. ముందున్న కండ సంగతే మరిచిపోయాయి. పరిశోధకులు దీన్ని 'మిఠాయి కొట్టు' అన్నారు. బడికి బయలుదేరిన పిల్లవాడు మధ్యలో మిఠాయి కొట్టు దగ్గరే ఉండిపోయినట్టు.

నాకు ఈ వైఫల్యం గెలుపుల కంటే ఎక్కువ నేర్పింది. పిలుపు గట్టిగా ఉంటే చాలదు. నాడి చేరగానే ఆగాలి, మళ్ళీ ఇంకొంచెం ముందు నుంచి వినిపించాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెదర్లాండ్స్ నాడీశాస్త్ర సంస్థ పరిశోధకులు ఎలుకల్లో ఆ పని చేసి చూపించారు. జీడీఎన్ఎఫ్ జన్యువుకు ఒక స్విచ్చి పెట్టారు. మనకు తెలిసిన డాక్సీసైక్లిన్ ఇస్తే జన్యువు పనిచేస్తుంది, ఆపేస్తే ఆగుతుంది. నెల రోజులు వెలిగించి ఆర్పేశారు. పోగులు చిక్కుపడకుండా దూరం సాగాయి. 2019లో ఆ ఫలితం అచ్చయింది.

మరుసటి ఏడాది పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి ఇంకో అడుగు. కేసీ మారా బృందం శరీరంలో కరిగిపోయే ప్లాస్టిక్‌తో సన్నని గొట్టం చేసింది. దాని గోడలో రెండు పొరలున్న అతి చిన్న గోళీలు, వాటిలో జీడీఎన్ఎఫ్. పొరలు కరుగుతూ మందును కొద్దికొద్దిగా వదులుతాయి. కోతుల ముంజేతిలో 5 సెంటీమీటర్ల నాడి కోసి తీసేసి ఈ గొట్టం అమర్చారు. ఏడాది చూశారు. బొటనవేలు, చూపుడువేలు కలిపి తిండి పలుకు పట్టుకోవడంలో, సొంత నాడి ముక్క అతికించిన కోతులకు ఇవి తీసిపోలేదు. నాడిలో సంకేతాల వేగం ఇంకా మెరుగ్గా ఉంది. అయిదు సెంటీమీటర్లంటే చిన్న సంగతి కాదు. ఉత్త గొట్టాలు మూడు సెంటీమీటర్ల ఖాళీకే చేతులెత్తేస్తాయి.

ఇవాళ పెద్ద ఖాళీ పడితే సర్జన్ చేసేది పిక్క వెనుక నుంచి ఒక స్పర్శ నాడిని తీసి చేతిలో అతికించడం. లాగి బిగించి కుట్టకుండా, వదులుగా, కట్టకు కట్ట కలిపి అతికించే పద్ధతికి వియన్నా సర్జన్ హన్నో మిల్లేసీ 1970లలో బాట వేశాడు. చెయ్యి కోసం పాదం అంచు మొద్దుబారడానికి ఒప్పుకోవాలి. ఆ బేరం ఇక అక్కర్లేని రోజు కోసమే గొట్టాల మీద ఇంత శ్రమ.

అందాకా సర్జన్లు ఊరికే కూర్చోలేదు. వేగం పెంచలేకపోతే దూరం తగ్గిద్దామన్నాడు ఫ్రెంచి సర్జన్ క్రిస్టోఫ్ ఒబెర్లాన్. బైకు మీద నుంచి పడినప్పుడు తల ఒకవైపు, భుజం ఒకవైపు లాగేసి మెడ దగ్గర నాడుల గుత్తి తెగిపోతుంది. మన రోడ్ల మీద చెయ్యి పడిపోయే కుర్రాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే. మోచెయ్యి మడవలేరు. 1994లో ఒబెర్లాన్ పై చేతిలో, కండకు పక్కనే పోతున్న అల్నార్ నాడి నుంచి ఒక్క కట్టను విడదీసి, మోచేతిని మడిచే కండ నాడికి కలిపాడు. మెడ నుంచి రావలసిన నాడి నాలుగు వేళ్ళ దూరం నుంచే వస్తుంది. ఆ పద్ధతి ఇప్పుడు మన నగరాల్లోనూ చేస్తున్నారు. కాని దానికీ గడువుంది. గాజుతోనో కత్తితోనో తెగితే వెంటనే, లాగడం వల్ల దెబ్బతింటే మూడు నెలల్లో కదలిక రాకపోతే, ఆలస్యం చేయకుండా నాడుల సర్జన్ చెయ్యి చూడాలి. ఆరు నెలలు దాటాక ప్రతి నెలా కండ కొంత కరుగుతూనే ఉంటుంది. పల్లె నుంచి పట్నం చేరేసరికి ఆ ఆరు నెలలూ అయిపోతున్నాయి. ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టిన బాధ అదే.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఖర్చు తక్కువ కాబట్టి. కెనడా శాస్త్రవేత్త టెస్సా గార్డన్ బృందం నాడిని కుట్టిన వెంటనే ఒక గంట పాటు, సెకనుకు 20 చొప్పున చిన్న విద్యుత్ తాకిడులు ఇచ్చి చూసింది. ఎలుకల్లో పోగులు కోత దాటడం త్వరపడింది. కారణం వెతికితే, ఆ తాకిడులకు నాడీకణం తన బీడీఎన్ఎఫ్‌ను తానే ఎక్కువ తయారుచేసుకుంటోందని తేలింది. తర్వాత మణికట్టులో నాడి నొక్కుకుపోయినవాళ్ళకు, వేళ్ళ నాడులు తెగినవాళ్ళకు కూడా ఇచ్చి మేలు చూశారు. సీసాలో మందు లేదు. లోపలి పిలుపునే లేపారు.

సీసాలోకి దిగి నిలిచిన ఎన్‌జీఎఫ్ కూడా ఒకటుంది, కంటి చుక్కలుగా. కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరలో నాడి పోగులు మహా చిక్కగా ఉంటాయి. హెర్పిస్ వల్లో, ఆపరేషన్ వల్లో అవి చస్తే ఆ పొర పుండుపడి మానదు, కన్ను పోతుంది. మనిషి ఎన్‌జీఎఫ్‌ను బ్యాక్టీరియాలో తయారుచేసి, రోజుకు ఆరుసార్లు, ఎనిమిది వారాలు వేస్తే చాలామందికి పుండు మానింది. 2017లో యూరప్, 2018లో అమెరికా అనుమతించాయి. తయారుచేసింది ఇటలీ కంపెనీయే. దీని ధర మాత్రం మామూలు మనిషి ఊహకందేది కాదు. ఇది గెలవడానికి కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తుంది: పిలుపు ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే పడింది, ఒళ్ళంతా తిరగలేదు.

డిచ్‌పల్లి దారిలో

తెలుగు నేలకు నాడి గాయం కొత్త కాదు. నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో నూరేళ్ళ కిందట ఇసబెల్ కెర్ నడిపిన ఆసుపత్రికి వేళ్ళు వంకరపోయిన మనుషులు కాలినడకన వచ్చేవారు. కుష్ఠు నాడి జబ్బు. దాని క్రిమి వెతికి వెతికి చేరేది ష్వాన్ కణాల్లోకే. నాడి తెగితే బాగుచేయాల్సిన కణాలే శత్రువుకు ఇల్లవుతాయి. ఆ క్రిమి ష్వాన్ కణాల స్వభావాన్నే చెరిపేసి పసి కణాల్లా మార్చేయగలదని ఎలుకల కణాల్లో 2013లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు చూపించారు. కుష్ఠు రోగుల మొద్దుబారిన చర్మంలో ఎన్‌జీఎఫ్ తగ్గిపోయి ఉంటుందని మన ముంబై వైద్యులు కూడా పాలుపంచుకున్న పరిశోధన 1994లోనే లాన్సెట్‌లో వచ్చింది. మచ్చ మీద గిల్లితే తెలియకపోవడానికి వెనుక ఆ పిలుపు ఆగిపోవడం కూడా ఉందన్నమాట.

నొప్పి లేకపోవడం ఎంత శాపమో వీళ్ళను అడగాలి. వేడి గిన్నె పట్టుకుని చర్మం కాలేదాకా తెలియదు. చెప్పులో రాయి నెలకొక వేలిని తినేస్తుంది. వెల్లూరులో పాల్ బ్రాండ్ 1940ల చివర్లో ఈ చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టేదాకా, వేళ్ళు రాలిపోవడం కుష్ఠు క్రిమి పనేనని అందరూ అనుకునేవారు. ఎక్కువ నష్టం దెబ్బ తెలియకపోవడం వల్లేనని ఆయన చెప్పాడు. 2005 చివర్లో మన దేశం కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించామని ప్రకటించింది. ఇప్పటికీ ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే రోగుల్లో సగానికి పైగా మన దేశంలోనే ఉన్నారు. వాళ్ళకు ఇవ్వడానికి గ్రోత్ ఫ్యాక్టర్ మందేదీ ఇంకా లేదు. స్పర్శ పోయి ఆరు నెలలు దాటకముందే వస్తే స్టెరాయిడ్ బిళ్ళలు ఇస్తారు. వాపు తగ్గితే, మిగిలిన ష్వాన్ కణాలు తమ పని చేసుకుంటాయేమోనని.

ఆ మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి చేసే పరీక్షకు కావలసింది ఒక బాల్‌పాయింట్ పెన్ను. కాగితం మీద అరచేతి బొమ్మ ఉంటుంది, దాని మీద చుక్కలు. రోగి కళ్ళు మూసుకుని చెయ్యి చాపుతాడు. ఆరోగ్య కార్యకర్త పెన్ను కొసను ఒక్కో చుక్క దగ్గర చర్మానికి ఆనిస్తుంది, సొట్ట పడీపడనట్టు. తెలిస్తే రెండో చేతి వేలితో ఆ చోటు చూపించాలి. చూపిస్తే టిక్కు, చూపించకపోతే ఇంటూ. నెల నెలా పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి చూస్తారు. చిటికెన వేలి మొదట్లో పోయిన నెల ఇంటూ ఉంది. పెన్ను అక్కడే ఆనింది. కళ్ళు మూసుకున్న మనిషి కాసేపు ఆగాడు. తర్వాత రెండో చేతి చూపుడువేలు గాలిలో తడుముకుంటూ వచ్చి, ఆ చోటుకు ఒక వేలెడు పక్కన వాలింది.

"ఇక్కడేనా అమ్మా?"

"కొంచెం ఇటు తాతా. కానీ తెలిసింది కదా."